మింగని గుక్క

ఏలూరు కాలవగట్టు ఆస్పత్రి డాక్టరు పోతురాజుగారు మొన్న ఆదివారం ఉదయం కాలధర్మం చెందారు. ఆయన కాంపౌండరు దానయ్య ఇచ్చిన తంతి తాడేపల్లిగూడెంలో మా ఇంటికి చేరేసరికి నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. ఇటువంటి వార్త వినగానే నోట మాట రాలేదని రాయడం లోకమర్యాద. నాకు మాట వచ్చింది. "అన్యాయం" అన్నాను, పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగి చూసేటంత గట్టిగా. ఆ గొంతు ఆయన నిలబెట్టినది. దాన్ని ఆయన కోసం అణుచుకోవడం కృతఘ్నత అనిపించింది.

మధ్యాహ్నం బండికి ఏలూరు వెళ్ళాను. అప్పటికే దహనసంస్కారం అయిపోయింది. కాలవగట్టు మీద నడుస్తుంటే నా ముందు ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నారు. ఉత్తరీయాలు, చేతికర్రలు, అన్నీ ఉన్నవాళ్ళే. "కంఠాలు కోసిన చెయ్యండీ. చివరికి ఆ కంఠానికే తగిలింది. కర్మ ఊరికే పోతుందా" అన్నాడొకాయన. రెండో ఆయన తల ఊపాడు. నేను ముందుకెళ్ళి వాళ్ళ దారికి అడ్డంగా నిలబడ్డాను. "ఏవండీ, ఆ చెయ్యి కోసిన కంఠాల్లో ఇదొకటి. చూడండి" అని మెడమీద ముసుగు కిందికి లాగి మచ్చ చూపించాను. నడివీధిలో విధవ ముసుగు తీస్తే ఎటు చూడాలో వాళ్ళకి తెలియలేదు. చెరో పక్కకి తప్పుకుని వెళ్ళిపోయారు.

అయితే ఆ మాట మాత్రం వెళ్ళిపోలేదు. ఏలూరులో ఇప్పుడు ఏ అరుగుమీద విన్నా అదే. పోతురాజుగారు మెడలు కోశారు గనుక మెడ జబ్బుతో పోయారట. ఆ మాటను కొట్టివెయ్యడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. సంస్మరణలు ఎలా రాయాలో నాకు తెలియకపోలేదు. పువ్వులూ దీపాలూ పెట్టి రాయవచ్చు. ఆ ఓపిక ఈ వారం నాకు లేదు.

ముందు నేనెవరినో చెప్పాలి. నా పేరు కామాక్షమ్మ. చిన్ననాటనే భర్తృవిహీననై పుట్టింటికి వచ్చి, పట్టుబట్టి చదువుకుని, తాడేపల్లిగూడెం ఆడపిల్లల బడిలో పంతులమ్మనయ్యాను. మా అన్నయ్య సూర్యనారాయణశాస్త్రి పౌరోహిత్యం చేస్తాడు. ఆచారంలో నిప్పు. మా బడి ఒక పొడుగాటి పెంకుటిల్లు, మధ్యలో గోడలు లేవు. మూడు తరగతులు ఒకేసారి కేకలేస్తుంటే నా తరగతి పిల్లలకి నా మాట చేరాలి. సాయంత్రం మా వీధి ఆడవాళ్ళకి పురాణం చదివి అర్థం చెబుతాను. ఈ రెండూ లేకపోతే నేను అన్నయ్య వంటింట్లో ఒక మూల ఉండే మనిషిని. నా బతుకంతా నా గొంతే. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ గొంతు మీద ఎడమవైపున వాపు లేచింది. మొదట ఉసిరికాయంత, తరవాత నిమ్మకాయంత. మూడేళ్ళు ఎవరికీ తెలియనివ్వలేదు. మా ముసుగులో ఒక పెద్ద సౌకర్యం ఉంది, ఏం దాచినా దాగుతుంది. ఒకనాడు కిటికీ గాలికి కొంగు తొలిగి, ఒక పిల్ల "పంతులమ్మగారండీ, మీ మెడలో ఏదో ఉందండీ" అని తరగతి అందరి ముందూ అంది. అన్నయ్యకి చెప్పక తప్పలేదు. ఆయన పసర్లు పూయించాడు, జీడితో వాతలు పెట్టించాడు. వాతలు మానాయి, వాపు మానలేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటి వేసవిలో, వేరే దారిలేక, ఏలూరు పోతురాజుగారి దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆయన కొల్లేటి లంకలో చేపలు పట్టే ఇంట పుట్టారు. కిక్కిస గడ్డి మధ్య తాటిదోనె తోసుకుంటూ బడికెళ్ళి, తరవాత మదరాసులో వైద్యం చదివి వచ్చారు. ఎంత చదివినా చేతుల్లో వల పోలేదు. కూర్చున్నచోటల్లా కుర్చీ కోడుకి దారం చుట్టి ఒంటిచేత్తో ముళ్ళు వేస్తూ ఉండేవారు. తండ్రి వల అల్లుతుంటే నేర్చిన ముడి అదేనట. మనిషి లోపల నెత్తురు నాళాలకి కూడా దాన్నే వేసేవారు. "ముడి గట్టిగా వెయ్యడం గొప్ప కాదండీ. వేసింతరవాత మళ్ళీ లాగి చూడకుండా ఉండాలి, అదీ కష్టం" అనేవారు. కడజాతివాడి కత్తి అని ఊళ్ళో కొందరు ఆయన గడప తొక్కలేదు. గడప తొక్కినవాళ్ళలో కొందరం నాలాగ తొక్కాం. అదెలాగో చెబుతాను, ఇందులో నాకు గౌరవం ఏమీ లేదు.

ఆయన నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, గాజు గ్లాసుతో నీళ్ళు ఇచ్చారు. "ఒక గుక్క నోట్లో ఉంచుకోండమ్మా. నేను చెప్పినప్పుడు మింగండి" అన్నారు. ఇటువంటి వాపు లేచే గ్రంథి మెడలో శ్వాసనాళానికి అంటిపెట్టుకుని ఉంటుంది. మనం మింగితే నాళంతోపాటు అదీ పైకి లేచి దిగుతుంది. వాపు అలా కదిలితే ఇంకా విడిగా ఉన్నట్టు, కోసి తియ్యవచ్చు. కదలకపోతే చుట్టుపక్కల కండకీ నాళానికీ వేళ్ళు దిగి పట్టేసినట్టు. ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే, అవి ఆస్పత్రి నీళ్ళు. ఆయన చేతి నీళ్ళు. పెదవికి గ్లాసు తగలకుండా ఎత్తి నోట్లో పోసుకున్నాను. ముసుగు గడ్డం దాకా లాక్కుని, వాపున్న చోటు ఒక్కటే కనబడనిచ్చాను.

"మింగండి" అన్నారు. నేను మింగలేదు. కళ్ళు మూసి తల ఊపాను. "ఇంకోసారండీ" అన్నారు. మళ్ళీ ఊపాను. మూడోసారీ అంతే. ఆ ఒక్క గుక్కనీ బుగ్గన పెట్టుకుని ముమ్మారు ఆయన్ని మోసగించాను. అన్నయ్య గుమ్మంలో నిలబడి నా నిష్ఠ చూసి మురిసిపోతున్నాడు. ఆచారం గల ఇంటి ఆడదాన్ని ముట్టుకుంటే నొచ్చుకుంటానని పోతురాజుగారు చెయ్యి కూడా వెయ్యలేదు, చూపుతోనే చూశారు.

ఆయన మొహం వాడిపోయింది. అన్నయ్యని పక్కకి పిలిచి, నాకు వినపడదనుకుని చెప్పారు. "శాస్త్రిగారూ, ఇది కదలడం లేదండీ. నాళాన్ని పట్టేసింది. కత్తి పెడితే బల్ల మీదే పోతారు. ఇంటికి తీసుకెళ్ళి, ఏది తినాలనుంటే అది పెట్టండి." అన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు. కత్తి తప్పినందుకు ఆ కళ్ళలో కొంచెం ఊరట కూడా ఉంది. ఆ మాట ఇవాళ రాస్తున్నందుకు అన్నయ్య నన్ను క్షమించాలి. నేను బయటికొచ్చి, మెట్ల పక్కన మెట్టతామర మొక్కల్లో ఆ గుక్క ఉమ్మేసి, జట్కా ఎక్కాను.

ఉమ్మడం దానయ్య చూశాడు.

మేము స్టేషనులో కూర్చున్నాం. నేను చచ్చిపోతానని నాకు తెలిసిపోయింది. ఏడుపు రాలేదు. రేపు మూడో తరగతికి భాగహారం మొదలుపెట్టాలి, ఎవరు చెబుతారు అనుకున్నాను. ఇంతలో ఫ్లాటుఫారం మీద సైకిలు మోసుకుంటూ ఒక మనిషి పరుగున వస్తున్నాడు. తెల్ల ఏప్రను విప్పకుండా వచ్చేశారు పోతురాజుగారు. సైకిలు కింద పడేసి, మాకు నాలుగు మూరల దూరంలో ఆగి, ఆయాసపడుతూ అడిగారు.

"పంతులమ్మగారూ, నిజం చెప్పండి. నీళ్ళు మింగారా?"

అన్నయ్య లేచాడు. "ఏం మాటలండీ ఇవి? మేము ఎవరమనుకున్నారు? మీ ఆస్పత్రి నీళ్ళు మా ఇంటి ఆడవాళ్ళు మింగుతారా?"

"మింగలేదండీ" అన్నాను నేను. "మూడుసార్లూ మింగలేదు."

తిడతారనుకున్నాను. తిట్టవలసిందే. ఆయన బెంచీ చివర కూలబడి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తీసేటప్పటికి నవ్వుతున్నారు. "తప్పు మీది కాదండమ్మా, నాది. నేను వాపునే చూశాను, మనిషిని చూడలేదు. మర్యాదకి పోయి నిండు మనిషిని కాటికి పంపబోయాను. మీ దగ్గర మీ ఇంటి నీళ్ళున్నాయాండీ?"

ప్రయాణానికి తెచ్చుకున్న రాగిచెంబులో మా నూతినీళ్ళున్నాయి. చెంబెత్తి ఒక గుక్క తాగాను. ముసుగు నేనే తీశాను. ఆయన కొంచెం వంగి చూశారు. బావిలోంచి బొక్కెన లేచినట్టు నా మెడలో ఆ ముద్ద పైకి లేచి కిందికి దిగిందట. "కదిలిందండీ" అన్నారు. "ఇంకోసారి తాగండి. కదిలింది. శాస్త్రిగారూ, కదిలిందండీ. ఇది తియ్యొచ్చు."

బండి వచ్చింది. అన్నయ్య మూట పట్టుకుని ఎక్కేశాడు. కిటికీలోంచి "కామాక్షీ, ఎక్కు. చేపలవాడి కత్తికి మెడ అప్పగిస్తావా? పోయినా ఇంట్లో పోదువుగాని రా" అన్నాడు. ఆయనకి నేనంటే ప్రాణం. ఆ ప్రాణం ఆచారం కంటే ఒక మెట్టు కింద కూర్చుంది, అంతే. గార్డు పచ్చజెండా ఊపాడు. నేను చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నచోటే కూర్చున్నాను. ఆ బండి ఎక్కలేదు. తరవాతి స్టేషనులో దిగిపోయి, సాయంకాలం బండికి అన్నయ్యే తిరిగొచ్చాడు.

మర్నాటి ఉదయం శస్త్రచికిత్స. నన్ను పూర్తిగా నిద్రపుచ్చలేదు. మెడ చుట్టూ మత్తు సూదులు వేశారు. ఎందుకో ముందే చెప్పారు. "ఆ గ్రంథి వెనకాల గొంతుకి మాటనిచ్చే నరం ఒకటి ఉంటుందండీ, దారప్పోగంత. తెగిందా, గొంతు పోయినట్టే. కంటికి దొరక్క దొంగాట ఆడుతుంది. అందుకని మీరు మాట్లాడుతూ ఉండాలి. మీ గొంతు మారితే నేను దాని దగ్గరికెళ్ళినట్టు. మీరు ఆపకండి, నేను కొయ్యను, సరేనా? కాదు కాదు, మీరు ఆపకండి, నేను కోస్తాను." భయంలో కూడా నవ్వొచ్చింది. ఏం మాట్లాడాలండీ అన్నాను. "పంతులమ్మగారు కదా, ఎక్కాలు చెప్పండి. పందొమ్మిదో ఎక్కం. అది నాకెప్పుడూ రాదు."

తెల్లగుడ్డ కింద పడుకుని పందొమ్మిదో ఎక్కం మొదలుపెట్టాను. మెడమీద లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తోంది, నొప్పి లేదు. ఎక్కం అయిపోతే మళ్ళీ మొదటికి. ఎన్నో విడతలో "పందొమ్మిది ఆర్లు" అనేసరికి నా గొంతు బొంగురుపోయి ఈల వేసినట్టయింది. అది నా గొంతు కాదు. నా బడి, నా పురాణం, నా బతుకు ఆ ఈలలో పోతున్నాయని తెలిసింది. పైన అన్ని చేతులూ ఆగిపోయాయి. "ఆగకండమ్మా. పందొమ్మిది ఆర్లు ఎంత?" అన్నారు. ఏదో వదిలిన చప్పుడయింది. "నూట పద్నాలుగు" అన్నాను. నా గొంతే. "పందొమ్మిది ఏడ్లు?" "నూట ముప్ఫై మూడు." "మరి చెప్పరే, ఆగిపోతారేంటి" అన్నారు.

కుట్లు విప్పేనాడు జరిగింది దాచకుండా చెప్పారు. ముద్దనీ, పక్కన వాచి బిళ్ళకట్టిన రెండు చిన్న గ్రంథుల్నీ తీసేశారు. నరానికి అంటుకున్నచోట మాత్రం ఒక గింజంత వదిలేశారు. "మదరాసులో నా గురువులైతే అది కూడా తియ్యమంటారండీ. పుస్తకం ప్రకారం వాళ్ళదే రైటు. అది మళ్ళీ పెరిగితే మళ్ళీ కోసుకుందాం. గొంతు పోతే మళ్ళీ ఎక్కడినించి తేను?" దానికి మాట పడ్డారు కూడా. పెద్ద ఊళ్ళలో పెద్ద డాక్టర్లు దాన్ని పిరికితనం అన్నారు. ఇన్నేళ్ళలో ఆ గింజ మొలకెత్తలేదు. నేను మాత్రం మూడు తరగతుల మీదుగా అరుస్తూనే ఉన్నాను.

తీసిన ముద్దని స్పిరిటు సీసాలో వేసి మదరాసు పంపారు. సూక్ష్మదర్శినితో చూసి వాళ్ళు రాచపుండే అన్నారు. అప్పుడు పోతురాజుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పినది ఇక్కడ రాస్తాను. కర్మ సిద్ధాంతులు ఇది రెండుసార్లు చదవాలని నా మనవి.

"మెడ వాపులన్నీ రాచపుండ్లు కావండీ, చాలామందికి ఉత్త వాపే. రాచపుండైనా ఒక్క జబ్బు కాదు. ఒక ఇంటిపేరుతో నలుగురు అన్నదమ్ములుంటారు, నలుగురి బుద్ధీ ఒకటేనా? మీకొచ్చింది మెత్తటివాడు. ఏళ్ళ తరబడి ఉన్నచోట ఉంటాడు, కదిలితే పక్కన బిళ్ళల దాకా. బిళ్ళలతో సహా తీసేస్తే మనిషి బతుకుతాడు. ఇంకొకడున్నాడు, వాడు నెత్తుటిలో పడి ఎముకలకీ ఊపిరితిత్తులకీ వెళ్ళిపోతాడు. మెడ బాగానే ఉందనుకుంటాం, తొడలో తేలతాడు. ఇంకొకడు మాత్రం కసాయి. ముసలితనం వస్తుండగా వస్తాడు, వారాల్లో పెరుగుతాడు, నాళాన్ని పిడికిట్లో పట్టేస్తాడు. వాడికి అంచు ఉండదు. అంచు లేనిదానికి కత్తి ఎక్కడ పెడతాం? మనకింకా తెలియనివాళ్ళు కూడా ఉండే ఉంటారు."

ఆ తొడలో తేలేవాణ్ణి పట్టిన కథ ఒకటి ఏలూరు అంతా నవ్వుకుంది. చింతలపూడి వైపు మెట్టరైతు ఒకాయన గట్టు మీంచి జారితే తొడ ఎముక విరిగింది. మంచం మీద మోసుకొచ్చారు. పోతురాజుగారు తొడ చూసి, వెంటనే మెడ తడమడం మొదలుపెట్టారు. "కాలిరిగితే మెడ పడతాడేంట్రా ఈయన" అని బంధువులు గొడవపడ్డారు. చిన్న గట్టు మీంచి జారితే పెద్ద ఎముక ఊరికే విరగదని ఆయన అనుమానం. మెడలో శనగగింజంత తగిలింది. ఎముక ముక్క మదరాసు పంపితే, అందులో మెడ గ్రంథి కండ ఉందని జవాబు వచ్చింది. మెడలో గ్రంథి తీశారు, కాలికి కట్టు కట్టారు, నయం కాదనీ చెప్పారు. ఆ రైతు కర్ర ఊతతో లేచి మరి రెండు పంటలు కళ్ళారా చూసి పోయాడు. ఆయన భార్య ఏటా ఆస్పత్రికి చింతపండు పంపేది. పోతురాజుగారు ఆ చింతపండు ఎవరికీ ఇచ్చేవారు కాదు.

నా తరవాత ఆయన ఆస్పత్రి వసారాలో ఒక బల్ల వేయించి, పైన బోర్డు పెట్టించారు. మెడ జబ్బువారు తమ ఇంటి చెంబు, తమ ఇంటి నీళ్ళు తెచ్చుకోవలెను అని. ముదినేపల్లి నించి వచ్చిన కుండచెంబూ, జమీందారుగారి వెండి మరచెంబూ ఆ బల్ల మీద పక్కపక్కన కూర్చునేవి. "మన ఆచారం పాడు చేస్తున్నాడని ఏడ్చారు కదండీ, ఇప్పుడు ఆచారానికి బల్ల వేశాడని ఏడుస్తున్నారు" అని దానయ్య విసుక్కునేవాడు. నేనొకసారి కోపంగా అడిగాను. మా బుద్ధిహీనతకి మీరు పీట వేస్తారేంటండీ అని. "పంతులమ్మగారూ, వాళ్ళని మార్చడం మీ బడి పని. వాళ్ళు మారేదాకా బతికించడం నా పని" అన్నారు.

ఈ వేసవి మొదట్లో ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ ఆయన అద్దం ముందు నీళ్ళు తాగారు. దానయ్య పక్కనే ఉన్నాడు. మరోసారి తాగి చూసుకున్నారు. మెడ కింద రాయిలాంటి గట్టిదనం. కదలలేదు. "దానయ్యా, నేను మింగాను. మెట్టతామరల్లో ఉమ్మలేదు" అన్నారట నవ్వుతూ. ఆ తరవాత ఆ ఉదయమంతా యథాప్రకారం రోగుల్ని చూశారు. వారాల్లో అది మెడంతా పట్టేసింది. మదరాసు తీసుకెళ్ళి కిరణాలు పట్టించారు, ఫలితం లేదు. ఊపిరి ఆడక, గొంతు కింద రంధ్రం చేసి గొట్టం పెట్టారు. దాంతో మాట పోయింది. ఆయనకొచ్చింది కసాయివాడు, నాకొచ్చింది మెత్తటివాడు. ఇందులో ఎవరి పుణ్యం ఎంత, ఎవరి పాపం ఎంత? మూడుసార్లు అబద్ధమాడిన నాకు మెత్తటిది, సైకిలు తొక్కుకుంటూ నిజం కోసం పరుగెత్తుకొచ్చిన ఆయనకి కసాయిది. ఇదే కర్మ అయితే కర్మకి లెక్కలు రావు. మా మూడో తరగతికి పంపండి, నేర్పుతాను. ఆ మధ్య మన పురోహితులొకరు కామెర్లతో పోయారు కదా, ఆయన ఎవరి కాలేయం కోశారో అడిగిన పెద్దమనిషి ఒక్కడైనా ఉన్నాడా?

పోవడానికి మూడు రోజుల ముందు వెళ్ళి చూశాను. దిండ్లకి ఆనుకుని కూర్చున్నారు. మనిషి సగమయ్యారు, చేతులు మాత్రం అవే. పక్కన పలక, బలపం. మంచం కోడుకి దారం చుట్టి ఉంది, దాని నిండా ముళ్ళు. నన్ను చూడగానే పలక మీద "19 x 6" అని రాశారు. "నూట పద్నాలుగండీ" అన్నాను. వేలు పైకెత్తి ఇంకా గట్టిగా అన్నట్టు సైగ చేశారు. వీధిలోకి వినపడేలా చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు. ఎక్కమంతా చెప్పించుకున్నారు.

ఆయన భార్య పోలమ్మగారు గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. ఇటు ఇవ్వండమ్మా అని నేను అందుకున్నాను. ఆయన నోటికి అందించాను. ఒక గుక్క తీసుకున్నారు. మింగలేకపోయారు. నీళ్ళు నోట్లోనే ఉండిపోయాయి. ఒక్క క్షణం మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆయన పలక అందుకుని, నోట్లో నీళ్ళు అలాగే పెట్టుకుని రాశారు. "ఈ గుక్క మోసం కాదండీ." పెదవి చివర నించి నీళ్ళు కారిపోయాయి. నా కొంగుతో తుడిచాను. చాలాసేపు తుడుస్తూనే ఉన్నాను, తుడవడానికి ఏమీ లేకపోయినా.

గ్లాసులో ఇంకా సగం ఉన్నాయి. ఆయన పెదవి తగిలిన నీళ్ళు. పోలమ్మగారు పారబొయ్యడానికి చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. ముసుగు మెడమీంచి పూర్తిగా తీసేశాను. గ్లాసు పెదవికి ఆనించి ఒక గుక్క తాగాను. మింగాను. పోలమ్మగారు "అయ్యో, పంతులమ్మగారండీ" అన్నారు. ఇంకో గుక్క మింగాను. మూడోదీ మింగాను. ఎనిమిదేళ్ళ కిందట బాకీపడ్డ గుక్కలు మూడూ ఆయన కళ్ళెదుట మింగాను.

ఆయన నా మొహం చూడలేదు. మెడ చూశారు. దిండు మీంచి కొంచెం ముందుకి వంగి, బల్ల మీద రోగిని చూసినట్టే శ్రద్ధగా చూశారు. అప్పుడు చెయ్యి చాపారు. ఆనాడు మర్యాదకి వెయ్యని చెయ్యి. రెండు వేళ్ళు మచ్చ మీద పెట్టి, తాగమని కళ్ళతో చెప్పారు. అడుగున మిగిలినది తాగాను. ఆ వేళ్ళ కింద నా కంఠం లేచి దిగడం నాకే తెలిసింది. ఆయన వెనక్కి వాలి పలక మీద రాశారు. "వాపు లేదు. కదులుతోంది." ఆయన చేసిన ఆఖరి వైద్యపరీక్ష అదేనని దానయ్య చెప్పాడు.

ఇటువంటి వైద్యుడు మళ్ళీ ఈ కొల్లేటి నేల మీద పుడతాడో లేదో నాకు తెలియదు. పుట్టినా ఆయన కాడు. మెడలో నిమ్మకాయ దాచుకుని ముసుగు బిగించుకున్న ఆడవాళ్ళు ఈ ఊళ్ళలో ఇంకా ఎందరున్నారో, వాళ్ళ వెంట స్టేషనుకి పరుగెత్తేవాళ్ళు మరి లేరు. ఆ మహానుభావుడి స్మృతికి నేను సమర్పించగలిగినది నా గొంతు ఒక్కటే. వచ్చే ఆదివారం కాలవగట్టు మీద జరిగే సంతాపసభలో ఆడది మాట్లాడరాదని పెద్దలు కబురంపారు. మాట్లాడతాను. ఆ ఇద్దరు పెద్దమనుషులు ఎంత వెనక కూర్చున్నా వినపడుతుంది.

నేను నీళ్ళు తాగిన సంగతి మా అన్నయ్యకి ఇంకా తెలియదు. ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది. అన్నయ్యా, వంటింట్లోకి రావద్దంటే రాను. ప్రాయశ్చిత్తం మాత్రం చేసుకోను. మింగినదాన్ని ఉమ్మడం నాకు ఇక చేతకాదు.